మనం ఎక్కడిదాకా వచ్చాం

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన ఎడారి ఫోటోకి ఇంతవరకు ఒక్కరూ జవాబివ్వలేదు. అది పెట్టి రెండేళ్ళు కావస్తోంది. అదే పొద్దున మా పెద్దమ్మ కూతురు గుత్తివంకాయ కూర ఫోటో పెట్టింది. నూనె బాగా తేలిందని, నోరూరుతోందని, మాకూ ఓ గిన్నె పంపమని మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు. పైన నా ఎడారి, దాని కిందనే ఆ కూర. కూర చూసినవాళ్ళకు ఎడారి కనబడకుండా ఉండదు. నేను దేశాన్ని అడ్డంగా నడిచి దాటుతున్నానని అప్పటికే అందరికీ తెలుసు. ‘కాళ్ళు ఎలా ఉన్నాయి’ అని ఒక్కరు అడగొచ్చు. అడగలేదు. వంకాయ కూర మీద నాకేమీ కోపం లేదు, ఆవిడ బాగానే వండుతుంది. కానీ నేను మరచిపోలేదు.

వాళ్ళ సంగతి సరే. నా అసలు ఫిర్యాదు మా బావమరిది మీద.

వాడు నా భార్యకు తమ్ముడు. ఎర్రమంజిల్‌లో ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉంటాడు. ఆఫీసు వాడి బాల్కనీలోంచి కనబడుతుంది. నేను అమీర్‌పేటలో ఉంటూ ఒక కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాను. ఎవరో రాసినదాంట్లో తప్పులు వెతికి పట్టుకోవడం ఎలాగో నేర్పడం నా వృత్తి. అది వృత్తి కాదు, నీ స్వభావమే అంత అని ఇంట్లోవాళ్ళు అంటారు.

కొన్నేళ్ళ కిందట వాడికి గుండెలో స్టెంటు వేశారు. పంజాగుట్టలో ఆసుపత్రి. మంచం పక్కన స్టూలు మీద నేను కూర్చున్నాను. కిటికీలోంచి ఫ్లైఓవరు, దాని మీద కదలని బండ్లు కనబడుతున్నాయి. వాడు చాలాసేపు వాటినే చూసి, “బావగారూ, నేను లేచి తిరిగితే మనం దేశాన్ని అడ్డంగా నడిచేద్దాం. ఆ చివర ఎడారిలో మొదలుపెట్టి, ఈ చివర మన సముద్రం దాకా” అన్నాడు.

“ఇంకా మత్తు దిగలేదు నీకు.”

“దిగాక కూడా ఇదే అంటాను, చూడండి.”

మర్నాడు మత్తు దిగాక కూడా అదే అన్నాడు. నేను సాక్షిని. నర్సు కూడా సాక్షే, కాకపోతే ఆవిడ పట్టించుకోలేదు.

డాక్టరు మందులు రాసి, వీటికన్నా నడక ముఖ్యం అన్నాడు. ఇంటికి వచ్చాక వాడు మందులు వేసుకున్నాడు, నడక మానేశాడు. కింది నుంచి పాలప్యాకెట్టు తేవడం కూడా మానేశాడు. ఎదురుగా కనబడే ఆఫీసుకు బండి మీద వెళ్తాడు. గేటు దాటి నాలుగడుగులు వేస్తే చాలు, చెయ్యి గుండె మీదికి పోతుంది. పరీక్షలన్నీ బాగున్నాయి. భయం మాత్రం బాగవలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనరు. ఒకరోజు నా భార్య అంది. “మీ మొండితనమంతా ఇంట్లోనే ఖర్చు పెడుతున్నారు. కాస్త మా తమ్ముడి మీద పెట్టండి. వాణ్ణి నడిపించండి.”

అలా మొదలైంది. నేను ముందు బయల్దేరితే, ఇచ్చిన మాటకు సిగ్గుపడైనా వాడు వెనక వస్తాడని నా లెక్క.

ఒకేసారి దేశం దాటే సెలవు నాకెవరిస్తారు. ఒక బ్యాచ్ అయిపోయి ఇంకో బ్యాచ్ మొదలయ్యే మధ్యలో, చలికాలంలో ఒక విడత. పోయినసారి ఎక్కడ ఆగానో సరిగ్గా అక్కడికే రైల్లో వెళ్ళి, మళ్ళీ అక్కడి నుంచి నడవడం. జైసల్మేర్‌కు పడమటగా, మామూలు మనుషులను వెళ్ళనిచ్చే చివరి రోడ్డు మీద మొదటి అడుగు వేయాలని అనుకున్నాం. అనుకున్నది ఇద్దరం.

హైవే మీద ప్రతి బండివాడూ ఆపి ఎక్కమంటాడని, ‘నడుస్తున్నాం, లిఫ్ట్ వద్దు’ అని హిందీలోనూ తెలుగులోనూ ఒక ఫ్లెక్సీ ముక్క మీద రాయించి వీపు సంచికి కట్టుకుందామనుకున్నాను. అమీర్‌పేట సందులో ఫ్లెక్సీలు కొట్టే ఆయన దగ్గరికి పోయి, మా ఇద్దరి ఫోటో ఇచ్చి, “పాదయాత్రకు” అన్నాను. అదీ నేను చేసిన పొరపాటు. మన ఊళ్ళో పాదయాత్ర అంటే నడక అని ఎవరికి తోస్తుంది. ఆయన గౌరవంగా లేచి కుర్చీ వేశాడు.

“ఏ రంగు కొట్టాలె అన్నా?”

“ఏ రంగైనా ఫర్వాలేదు.”

“అంటే ఇంక పార్టీ డిసైడ్ కాలేదన్నట్టు” అని ఆయనే తల ఊపుకున్నాడు.

సాయంత్రానికి ఫ్లెక్సీ తయారైంది. పైన పెద్ద అక్షరాల్లో ‘మహా పాదయాత్ర’. మధ్యలో నేను, రెండు చేతులూ జోడించి. ఆ చేతులు నావి కావు, ఎక్కడివో తెచ్చి అతికించాడు. వేలికి ఉంగరం కూడా ఉంది. కింద మూలన చిన్న గుండ్రంలో మా బావమరిది ముఖం, అనుచరుడిలా. లిఫ్ట్ వద్దన్న మాట అడుగున, చీమల బారులా. మళ్ళీ కొట్టించే వ్యవధి లేదు. అదే మడిచి సంచిలో పెట్టుకున్నాను.

రైలు రోజున స్టేషన్ నుంచి వాడికి ఫోన్ చేశాను.

“బయల్దేరాను బావగారూ. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఉన్నా.”

ఈ ఊళ్ళో ఉండేవాళ్ళకు దీని అర్థం చెప్పనక్కరలేదు. తువ్వాలు ఎక్కడుందో ఇంకా వెతుక్కుంటున్న మనిషి కూడా పంజాగుట్ట సిగ్నల్ దగ్గరే ఉంటాడు. రైలు కదిలింది. వాడికి ఆ సిగ్నల్ పడలేదు.

అంత కోపంతో ఎడారిలో దిగానా, దిగిన మొదటి గంటలోనే నాకు నవ్వు పట్టుకుంది. ఎందుకో చెప్పలేను. రోడ్డు నేల మీద పరిచిన దారంలా ముందుకు పోతుంది. దానికి మలుపు లేదు, స్పీడ్ బ్రేకర్ లేదు, పీజీ హాస్టల్ బోర్డు లేదు, చేతిలో కరపత్రం పెట్టేవాడు లేడు. అమీర్‌పేటలో ఇరవై ఏళ్ళుగా భుజాలు పక్కకు తిప్పుకుని నడిచినవాణ్ణి. అక్కడ రెండు చేతులూ చాచి నడిచినా ఎవరికీ తగలవు. చాచి నడిచాను. చాచి గిర్రున తిరిగాను కూడా. ఒక ఒంటె ఆగి చూసింది. ఇసుకలో జిల్లేడు చెట్లు కనబడితే, పెళ్ళిలో తెలిసిన ముఖం కనబడ్డట్టు, “మీరూ ఇక్కడేనా” అని పలకరించాను.

జైసల్మేర్ దాటాక దారికి రెండు పక్కలా గాలిమరలు మొదలయ్యాయి. ఎత్తుగా, తెల్లగా, కంటికి ఆనినంత దూరం. అన్ని వేల చెవులు ఊరికే తిరుగుతున్నట్టు అనిపించింది. నా ఫిర్యాదులన్నీ వాటికి చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఒక్కో మరకు ఒక్కో ఫిర్యాదు. పదో తరగతిలో నా చేతిరాతను అందరి ముందూ కోడి కెలికినట్టుందన్న మాస్టారు. సాయంత్రం బ్యాచ్ నాకిస్తానని ఇంకొకడికిచ్చిన కోచింగ్ సెంటర్ యజమాని. నా స్కూటర్ జాగాలో తులసి కుండీ పెట్టిన పైఫ్లాటు ఆవిడ. వంకాయ కూర. ప్రతి మరా రెక్కలు తిప్పుతూ ‘తర్వాత, తర్వాత’ అంటున్నట్టే ఉంది. నా జీవితంలో అంత ఓపిగ్గా విన్నవాళ్ళు లేరు. మధ్యాహ్నానికి నా దగ్గర ఫిర్యాదులు అయిపోయాయి, మరలు ఇంకా మిగిలాయి. అలాంటి రోజు ఒకటి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఖాళీ అయిన సంచిలా ఊగుతూ పాటలు పాడుకుంటూ నడిచాను.

నేను చేస్తే వాడు ఫోన్ ఎత్తడు. ఎత్తితే ఎందుకు రాలేదని అడుగుతానని తెలుసు. సాయంత్రం తనకు వీలైనప్పుడు తనే చేస్తాడు. వెనక టీవీ మోగుతుంటుంది.

“మనం ఎక్కడిదాకా వచ్చాం బావగారూ?”

నాకు ఒళ్ళు మండేది ఆ ‘మనం’తోనే. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ‘మేము’ అంటే వినేవాడు గుమ్మం బయటే. ‘మనం’ అంటే వినేవాడి భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకురావడం. పరాయి భాషవాళ్ళు ఇది నేర్చుకోలేక తంటాలు పడతారట. మా బావమరిది ఆ మాటను నేర్చుకోవడమే కాదు, దాని మీద పడుకుని ప్రయాణం చేశాడు. నా పాదాలకు బొబ్బలు, వాడి నోట ‘మనం’.

“మనం పోఖ్రాన్ చేరాం” అన్నాను పళ్ళు బిగించి.

“ఎదురుగాలా?”

“ఎదురుగాలే.”

“అబ్బ, మనకెప్పుడూ అంతే” అన్నాడు. టీవీలో ఎవరో నవ్వారు.

అక్కడితో ఆగలేదు. ఆ వేసవిలో బంధువుల ఇంట నిశ్చితార్థం జరిగింది. అమీర్‌పేటలోనే ఫంక్షన్ హాలు. వాడి కోసం నేను కొన్న నడక బూట్లు వేసుకుని వచ్చాడు. వాటిని వాడు శుభకార్యాలకు వాడతాడు. వాటి అడుగుభాగాలు ఇంకా కొత్త పలకల్లా ఉంటాయి. భోజనాల దగ్గర చుట్టూ మనుషులను పెట్టుకుని చెబుతున్నాడు. “మేం పోఖ్రాన్ దాటుతుంటే ఎదురుగాలి అండీ. ఇసుక పళ్ళలో కరకరలాడింది.” నేను పక్క వరసలోనే ఉన్నాను. మా పెద్దమ్మ కూతురు, ఆ వంకాయ కూర ఆవిడే, చెయ్యి వాడి భుజం మీద వేసి, “కాళ్ళు ఎలా ఉన్నాయిరా నాయనా?” అని అడిగింది. వాణ్ణి అడిగింది.

అది కూడా రాసిపెట్టుకున్నాను, మనసులోనే.

పోయిన చలికాలం విడత పోఖ్రాన్ నుంచి జోధ్‌పూర్. రెండో రోజు పొద్దున, ఎండ ఇంకా మెత్తగా ఉండగా, వెనక ఒక లారీ వేగం తగ్గిస్తున్న చప్పుడు. నన్ను దాటి ముందుకు వెళ్ళి ఆగింది. వెనక తలుపు మీద తెలుగులో ‘నన్ను చూసి ఏడవకు’ అని రాసి ఉంది. ఆ ఎడారిలో ఆ అక్షరాలు చూస్తే నిజంగానే కొంచెం ఏడుపు వచ్చింది. డ్రైవర్ దిగి నా వీపు చుట్టూ తిరిగి, ఫ్లెక్సీ మొత్తం చదివాడు.

“ఏ పార్టీ అన్నా?”

“పార్టీ లేదు. ఊరికే నడుస్తున్నాను.”

“ఊకెనే ఎవలు నడుస్తరు అన్నా. నాకు చెప్తే ఏంగాదు. మాది బోరబండ.” చుట్టూ ఇసుక వైపు చూశాడు. “గీడ ఎవలున్నరని తిరుగుతున్నవ్? ఒంటెలకు సుత ఓటొచ్చిందా?”

బోరబండ అన్న మాట చెవిన పడగానే నేను నవ్వడం మొదలుపెట్టాను, ఆపలేకపోయాను. మా ఇంటి నుంచి ఆటోలో పోయేంత దూరం. ఆయన జైసల్మేర్ పసుపురాయి వేసుకుని హైదరాబాద్ పోతున్నాడు, ఎవరి అపార్టుమెంటులోనో పరచడానికి.

ఫ్లెక్సీ మూలన ఉన్న గుండ్రం మీద వేలు పెట్టాడు. “ఇద్దరున్నరు గదా. ఇంకో అన్న ఏడి?”

“ఎర్రమంజిల్‌లో ఉన్నాడు.”

ఆయన వచ్చిన దారి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. “గంత ఎనకవడ్డడా?”

ఎడారి మధ్యలో నేను మోకాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయాను. నవ్వి నవ్వి కడుపు నొప్పి. నేను తేరుకుని స్టెంటు సంగతి, భయం సంగతి, ‘మనం’ సంగతి అంతా చెప్పాను. ఆయన ఫోన్ తీశాడు. “నంబర్ చెప్పు. నీది ఎత్తడు, నాది ఎత్తుతడు.”

ఎత్తాడు. స్పీకర్‌లో పెట్టాడు.

“అన్నా, ఎర్రమంజిల్ అన్ననేనా? నీ జోడీ మనిషి గీడ పోఖ్రాన్ దాటి నిలబడ్డడు. నువ్వు జర జల్ది నడువు.”

అటు టీవీ చప్పుడు ఆగింది. తర్వాత మా వాడి గొంతు, నెమ్మదిగా. “వస్తున్నానండీ. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఉన్నా.”

డ్రైవర్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇంట్లనే ఉన్నడు. మా ఓనర్‌కు నేను సుత గట్లనే చెప్త.” చెయ్యి తీసి, “ఫికర్ చెయ్యకు అన్నా, నిమ్మళంగ రా. గీయన ఎటూ పోడు, మస్తు మొండోడు” అని పెట్టేశాడు.

జోధ్‌పూర్ దాకా దింపుతానన్నాడు. ఎక్కనన్నాను. లారీ ఎక్కితే ఆ విడత లెక్కలోకి రాదు. ఆయన గడ్డం గోక్కుని ఆలోచించి, లారీ ఎక్కి, స్టార్ట్ చేసి, నా వెనకే నడక వేగంతో రావడం మొదలుపెట్టాడు. పాటలు పెట్టాడు. ఆగి ఆగి హారన్ కొడుతున్నాడు. ముందు నేను, వీపు మీద మహా పాదయాత్ర, వెనక పసుపురాయి లారీ, డప్పు పాట. పాదయాత్రకు ఏమేం కావాలో అన్నీ ఉన్నాయి. దారిపక్కన మేకలు కాసుకుంటున్న ముసలాయన లేచి నిలబడ్డాడు. నేను రెండు చేతులూ జోడించాను. ఈసారి అవి నా చేతులే. ఆయన కూడా జోడించాడు. నేను మేకలకు కూడా జోడించాను. నా జీవితంలో అంత మర్యాద నాకు ఏ ఫంక్షన్ హాల్లోనూ జరగలేదు. దారిలో ఓ ధాబా వచ్చేదాకా అలా వచ్చి, టీ తాగించి, “టికెట్ నీకే అన్నా” అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నా కాళ్ళు నేలకు ఆనినట్టు నాకు గుర్తు లేదు.

జోధ్‌పూర్ పొలిమేరలో ఒక నీళ్ళ ట్యాంకు దగ్గర విడత ముగించి ఇంటికి వచ్చాను. మా బావమరిది ఆ ఆదివారం భోజనానికి వచ్చాడు. లారీ ఊసు వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తిని లేచి బండి తాళం వెతుక్కుంటున్నాడు. లేదు.

“కనబడటం లేదురా” అంది వాళ్ళ అక్క, కొంగు గట్టిగా బిగించుకుని. “నడిచి వెళ్ళు. మీ బావగారు తోడొస్తారు.”

“అక్కా, ఆటోలో పోతా.”

“ఇవాళ ఆటోలు కూడా కనబడటం లేదు.”

బయల్దేరాం. వాడి కాళ్ళకు ఆ కొత్త బూట్లే. మెట్రో కింద, కోచింగ్ బోర్డుల మధ్య, ఫుట్‌పాత్ మీద పరిచిన జర్కిన్లు తప్పించుకుంటూ. మెట్రో స్తంభం వచ్చినప్పుడల్లా వాడి చెయ్యి గుండె మీదికి వెళ్తోంది. నాకూ భయం వేసింది. భయం వేస్తే నాకు ఫిర్యాదులు వస్తాయి.

“మా పెళ్ళిలో పూర్ణాలు వడ్డిస్తూ నా విస్తరి దాటిపోయావు.”

“బావగారూ, ఇరవై ఏళ్ళయింది.”

“పెళ్ళికొడుకు విస్తరి అది. నేను చెయ్యి ఎత్తాను. చూసి కూడా పోయావు.”

“పూర్ణాలు అయిపోయాయేమో.”

“నీ విస్తట్లో నాలుగున్నాయి. నేనింకా ఆ విస్తరి ముందు నుంచి లేవలేదు.”

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నాలుగూ తనవి కావని, పక్కవాడివని వాదించాడు. వాదించడానికి రెండు చేతులూ కావాలి కదా, గుండె మీద చెయ్యి తీశాడు. తాంబూలం సంచిలో నాకు కొబ్బరికాయ వేయని సంగతి, నా చెప్పుల మీద కూర్చున్న సంగతి వరసగా తీశాను. ఒక్కటీ ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండా చేతులు తిప్పుతూ నడిచాడు. చూస్తే ఎదురుగా ఎర్రదీపం. పంజాగుట్ట సిగ్నల్.

సరిగ్గా అప్పుడే వాడి ఫోన్ మోగింది. అక్క.

“ఎక్కడున్నార్రా?”

“పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఉన్నా అక్కా.”

“నా దగ్గర కూడానా. ఇంకా మా వీధి చివరే ఉన్నారు కదూ.”

ఫోన్ నాకిచ్చాడు. నిజంగానే సిగ్నల్ దగ్గర ఉన్నామన్నాను. “మీరు కూడా నేర్చుకున్నారా” అని పెట్టేసింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. ట్రాఫిక్ పోలీసు మమ్మల్ని పక్కకు జరగమన్నాడు.

ఆ నవ్వు తగ్గకముందే అడిగాను. “ఈసారి జోధ్‌పూర్ నీళ్ళ ట్యాంకు దగ్గర మొదలు. వస్తావా?”

వాడు నా వైపు తిరిగి, “మనం...” అన్నాడు. దీపం పచ్చబడింది, వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొట్టింది. చివర ‘దాం’ అన్నది మాత్రం వినబడింది. అప్పటికే వాడు రోడ్డు దాటుతున్నాడు, చేతులు ఊపుకుంటూ, ఎర్రమంజిల్ వైపు.

ముందు మనం. చివర దాం. మధ్యలో బస్సు.

‘వెళ్దాం’ అన్నావా, ‘చూద్దాం’ అన్నావా? మన ఇళ్ళల్లో చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ రోజు నుంచి నా ఫోన్లు ఎత్తవు. మెసేజ్‌లు చదివినట్టు నీలం గీతలు పడుతున్నాయి. ఫోన్లు ఎత్తకపోయినా నా రాతలు మాత్రం దొంగతనంగా చదువుతావని మీ అక్క చెప్పింది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఇద్దరికీ రైలు టికెట్లు తీశాను. బండి తాళం ఇంకా మీ అక్క కొంగులోనే ఉంది. ఆ బస్సు కింద పడిపోయిన మాట ఏమిటో నాకు చెప్పు. ఇన్నేళ్ళుగా ‘మనం’ అంటున్నావే, అందులో నువ్వు ఉన్నావా లేవా? ఏదో ఒకటి చెప్పు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఉన్నానని మాత్రం చెప్పకు.